గస్తీ వాహనంలో తుపాకీ: ఒక హైవే సబ్‌డివిజన్ కేసు

జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో (ఏఆర్, అంటే జిల్లా సాయుధ పోలీసు విభాగం) రిజర్వ్ ఇన్‌స్పెక్టర్‌గా ఆయుధాగారం బాధ్యత చూసినవాణ్ణి. తుపాకీ అంటే నాకు భయమూ లేదు, వెగటూ లేదు. నా జీతమే దాని మీద. గస్తీకి వెళ్లే ప్రతి పోలీసు దగ్గరా ఆయుధం ఉండాలా అన్న చర్చ ఎప్పుడు వచ్చినా రెండు మాటల్లో ముగిసిపోతుంది. ఉంటే పోలీసు ప్రాణం దక్కేదని ఒకరు, ఉంటే ఎవరో అమాయకుడి ప్రాణం పోయేదని ఇంకొకరు అంటారు. ఏమీ జరగని వందల గంటల్లో ఆ తుపాకీ ఎక్కడ ఉంటుంది, ఎవరు మోస్తారు, తూటాల లెక్క ఎవరు చూస్తారు అని మాత్రం ఎవరూ అడగరు. ఈ కేసు రాయడానికి కారణం ఆ ప్రశ్నే.

జిల్లా, స్టేషన్లు, మనుషుల వివరాలు తీసేశాను. గుర్తుపట్టే వీలున్న చోట సంఘటనల క్రమం కొంచెం మార్చాను. పాత నేర చట్టాలు ఐపీసీ, సీఆర్‌పీసీ ఇంకా అమల్లో ఉన్న రోజులవి; ఇప్పుడు వాటి స్థానంలో బీఎన్‌ఎస్, బీఎన్‌ఎస్‌ఎస్ వచ్చాయి.

నేపథ్యం

నాలుగు వరసల జాతీయ రహదారి నడుమ నుంచి పోయే సబ్‌డివిజన్. ఒక పట్టణం, చుట్టూ మండలాలు, రోడ్డు పక్కన దాబాలు, లారీలు ఆగే ఖాళీ స్థలాలు. పట్టణంలో రాత్రిపూట బైకుల మీద బ్లూ కోల్ట్స్ తిరిగేవి. గ్రామీణ స్టేషన్లకు తలా ఒక రక్షక్ వాహనం, హైవేకు విడిగా ఒక గస్తీ వాహనం. వాహనంలో సాధారణంగా ఒక హెడ్ కానిస్టేబుల్, ఒక కానిస్టేబుల్, డ్రైవరుగా హోంగార్డు. చేతిలో లాఠీ, టార్చి, వీహెచ్‌ఎఫ్ సెట్టు (వైర్‌లెస్), గస్తీ చేరిన చోటల్లా సంతకం పెట్టే పాయింట్ పుస్తకం.

బయటివాళ్లకు అంతగా తెలియని సంగతి ఒకటి చెప్పాలి. స్టేషన్లో ఫిర్యాదు తీసుకునే సివిల్ పోలీసూ, జిల్లా కేంద్రంలో ఉండే ఏఆర్ పోలీసూ వేర్వేరు. శిక్షణ కళాశాలలో ఇద్దరూ రైఫిల్ పేలుస్తారు. ఆ తర్వాత ఏఆర్ వాళ్లకు ఏటా మొబిలైజేషన్ అనే పునశ్చరణ శిక్షణలో ఫైరింగ్ ఉంటుంది. సివిల్ వాళ్లలో చాలామంది కళాశాల గేటు దాటాక ఫైరింగ్ రేంజ్ ముఖం చూడరు. ఎస్సైలకు పిస్టల్ ఉంటుంది కానీ ఎక్కువ రోజులు అది స్టేషన్ బీరువాలోనే గడిపేస్తుంది. సెంట్రీ (కాపలా) డ్యూటీకి స్టేషన్లో ఎస్‌ఎల్‌ఆర్‌లు, అంటే పొడవాటి సెల్ఫ్ లోడింగ్ రైఫిళ్లు ఉండేవి. గస్తీకి ఏమీ ఉండేది కాదు.

దీనికి వెనక ఒక చరిత్ర కూడా ఉంది. ఉత్తర తెలంగాణలో, ఆంధ్ర–ఒడిశా సరిహద్దులో ఒకప్పుడు తుపాకీల కోసమే స్టేషన్ల మీద దాడులు జరిగేవి. ఒడిశాలో 2004లో కోరాపుట్, 2008లో నయాగఢ్ ఆయుధాగారాలను మావోయిస్టులు దోచుకున్న సంగతి నా తరం ఏఆర్ వాళ్లెవరూ మరచిపోలేరు. నలుగురు మనుషుల మధ్య విడిగా తిరిగే తుపాకీ రక్షణతో పాటు ఎర కూడా అన్న జాగ్రత్త మా నరాల్లో ఉంటుంది. అయితే ఈ సబ్‌డివిజన్‌లో మావోయిస్టుల సమస్య లేదు. ఉన్నది డీజిల్ దొంగలు, పశువుల దొంగలు, అప్పుడప్పుడు గంజాయి బండ్లు.

ఆ రాత్రి

అర్ధరాత్రి దాటాక హైవే గస్తీ ఒక దాబా పక్కన ఆగిన వ్యానును చూసి దగ్గరకు వెళ్లింది. వ్యాను వెనక నిలిపిన లారీల ట్యాంకుల్లోంచి పైపులతో డీజిల్ లాగుతున్నారు. హెడ్ కానిస్టేబుల్ దిగి కేక వేయగానే చీకట్లోంచి రాళ్లు పడ్డాయి, తర్వాత ఇనుప రాడ్లతో మీదకు వచ్చారు. హెడ్ కానిస్టేబుల్ తల పగిలింది, హోంగార్డు చెయ్యి విరిగింది. కానిస్టేబుల్ వాహనం చాటుకు పోయి సెట్టులో పిలిచేలోపు వ్యాను వెళ్లిపోయింది.

మర్నాడు పత్రికల్లో ‘లాఠీలతో దొంగల వేట’ తరహా శీర్షికలు వచ్చాయి. అధికారుల సంఘం వినతిపత్రం ఇచ్చింది. కొద్ది రోజుల్లోనే ఎస్పీగారి ఆదేశం వచ్చింది: సబ్‌డివిజన్‌లో రాత్రి గస్తీ అంతా ఆయుధాలతో తిరగాలి, ఆయుధాలు, తూటాలు ఏఆర్ నుంచి ఇవ్వాలి.

ఆదేశం తొందరపాటుదని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనను. తల పగిలిన మనిషి తోటివాళ్ల ముందుకెళ్లి ‘మీకు తుపాకీ అక్కర్లేదు’ అని చెప్పగలిగే అధికారి ఎవరూ ఉండరు. 2015 ఏప్రిల్‌లో సూర్యాపేట బస్టాండులో రాత్రి తనిఖీ చేస్తున్న పోలీసుల మీద కాల్పులు జరిగి ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు చనిపోయారు. 2008లో ముంబయిలో తుకారాం ఓంబ్లే ఏకే–47 పట్టుకున్న ఉగ్రవాదిని, తన దగ్గర లాఠీ తప్ప ఏమీ లేకుండానే అడ్డుకుని ప్రాణం ఇచ్చాడు. ఈ రెండూ ప్రతి రోల్ కాల్‌లో ఎవరో ఒకరి నోట వచ్చేవి. భయానికి ఆధారం ఉంది.

ఆస్పత్రిలో అడిగినవి

ఆయుధాలు పంపే ముందు ఒక్క సంగతి తేల్చుకోవాలనుకున్నాను. ఆ రాత్రి తుపాకీ ఉంటే సరిగ్గా ఏ క్షణంలో, ఎవరి మీద, ఏ దిక్కుకు పేలేది? అది తేలకపోతే ఏ ఆయుధం ఇవ్వాలో కూడా తేలదు.

హెడ్ కానిస్టేబుల్ తలకు కట్టుతో మంచం మీద ఉన్నారు. సర్వీసులో నాకన్నా పెద్దవారు. కాగితం మీద బొమ్మ గీయమన్నాను. వ్యాను ఎక్కడ, లారీలు ఎక్కడ, మీరు ఎక్కడ అని అడిగితే గీస్తూ గీస్తూ ఆగిపోయారు.

“వ్యాను లైట్లు నా కళ్లలో పడుతున్నాయి సార్. రాయి ఎటు నుంచి వచ్చిందో కూడా తెలియలేదు.”

“లైట్ల వెనక ఏముంది?”

“దాబా మంచాలు. డ్రైవర్లు పడుకుని ఉన్నారు.”

ఎస్‌ఎల్‌ఆర్ తూటా 7.62 ఎం.ఎం. దాని దెబ్బ వందల మీటర్ల దూరం పనిచేస్తుంది, వ్యాను రేకును దాటి అవతలికి పోతుంది. ఆ వరసలో పేలిస్తే తగిలేది దొంగకో, నిద్రపోతున్న డ్రైవరుకో చెప్పలేం. గాలిలోకి పేలిస్తే దొంగలు పారిపోయి ఉండవచ్చు. ఇద్దరి గాయాలు తప్పి ఉండవచ్చు. ఆ లాభాన్ని నేను తక్కువ చేయను.

అదే సంభాషణలో రెండో సంగతి బయటపడింది. అదే వ్యాను గురించి పక్క స్టేషన్‌కు ముందే ఫోను వచ్చింది. వాళ్లు వీహెచ్‌ఎఫ్‌లో చెప్పారు. గస్తీ వాహనం ఉన్న చోట సెట్టు పలకదు, అక్కడ గుట్ట అడ్డం. అంటే ముఠా అని తెలియక, ఏదో చెడిపోయిన బండి అనుకుని హెడ్ కానిస్టేబుల్ టార్చి వేసుకుని నడిచి వెళ్లారు. తెలిసి ఉంటే వెళ్లేవారా అని అడిగాను. “పిచ్చివాణ్ణా సార్, నంబరు రాసుకుని టోల్‌గేటుకు చెప్పేవాణ్ణి” అన్నారు. ఈ మాట నా నోట్‌బుక్కులో గీత గీసి రాసుకున్నాను. ఎస్పీగారికి పంపిన నివేదికలోనూ పెట్టాను. కానీ ఆదేశం ఆగలేదు, ఆగాలని నేనూ అడగలేదు. సెట్టు పలకని గుట్టకు పరిష్కారం వచ్చేసరికి నెలలు పడతాయి, గస్తీ ఈ రాత్రే వెళ్లాలి.

మొదటి ఏర్పాటు

ఏ ఆయుధం ఎవరికి అన్నది మొదటి నిర్ణయం. పిస్టళ్లు అందరికీ చాలవు. ఉన్నవి ఎస్సైలకే. మిగిలింది ఎస్‌ఎల్‌ఆర్, కార్బైన్. మీటరు పైన పొడవు, నాలుగు కిలోల పైన బరువు ఉన్న ఎస్‌ఎల్‌ఆర్ బైకు మీద మోయడం కుదరదు కనుక అవి రక్షక్ వాహనాలకు, పొట్టి 9 ఎం.ఎం. కార్బైన్లు బ్లూ కోల్ట్స్‌కు కేటాయించాం. సాయంత్రం స్టేషన్లో సంతకం పెట్టి తీసుకోవాలి, ఉదయం తూటాలు లెక్కపెట్టి అప్పగించాలి, ప్రతి మార్పూ జనరల్ డైరీలో ఎక్కాలి.

కార్బైన్ విషయంలో నాకు గుబులు ఉంది. అది బోల్ట్ (తూటాను గొట్టంలోకి నెట్టే ఇనుప భాగం) వెనక్కి లాగి ఉన్నప్పుడు కాల్పుకు సిద్ధంగా ఉండే రకం. బోల్ట్ ముందుకు ఉండి మ్యాగజైన్ (తూటాల పెట్టె) పెట్టి ఉన్నప్పుడు, సేఫ్టీ సరిగా లేకుండా బట్ (వెనక కొస) గట్టిగా నేలకు తగిలితే, బోల్ట్ తన బరువుకే కొంత వెనక్కి జరిగి, ముందుకు వస్తూ తూటాను అందుకుని పేల్చేయగలదు. కింద పడితే పేలిందని వార్తల్లో వచ్చేది ఎక్కువగా ఇందువల్లే. అందుకని మ్యాగజైన్ విడిగా పౌచ్‌లో ఉంచాలని రాతపూర్వకంగా ఇచ్చాను. దాడి జరిగినప్పుడు పౌచ్ తెరిచి, మ్యాగజైన్ ఎక్కించి, బోల్ట్ లాగే వ్యవధి ఎక్కడిదని ఒక కానిస్టేబుల్ అడిగాడు. న్యాయమైన ప్రశ్న. ప్రమాదం లేకుండా మోస్తే అవసరానికి అందదు, అవసరానికి అందేలా మోస్తే ప్రమాదం. శిక్షణ ఉన్నవాడికి ఈ రెండింటి మధ్య దారి దొరుకుతుంది, లేనివాడికి దొరకదు.

అందుకే పరేడ్ మైదానంలో ఒక కసరత్తు పెట్టాం. కత్తితో వచ్చేవాడు 21 అడుగుల దూరాన్ని దాదాపు ఒకటిన్నర సెకనులో దాటేస్తాడని అమెరికాలో 1983లో ఒక పోలీసు శిక్షకుడు చూపించాడు. శిక్షణ వర్గాల్లో బాగా ప్రచారంలో ఉన్న మాట అది. సుద్దగీతలు గీసి, ఒక కుర్ర కానిస్టేబుల్ చేతికి చుట్టిన దినపత్రిక ఇచ్చి పరుగెత్తమన్నాను. ఎదురుగా ఖాళీ ఎస్‌ఎల్‌ఆర్ భుజానికి తగిలించుకున్నవాడు. సగం మంది చేతులు స్లింగ్ (భుజం పట్టీ) దగ్గరే ఉండగా పత్రిక పొట్టకు తగిలింది. మూత ఉన్న హోల్‌స్టర్‌లోంచి పిస్టల్ తీసినవాళ్ల పరిస్థితీ పెద్దగా మెరుగు కాదు. పక్కకు జరిగి, ఫైబర్ షీల్డ్ అడ్డం పెట్టినవాళ్లే దెబ్బ తప్పించుకున్నారు. మైదానం అంతా నవ్వులే. ఆ నవ్వుల్లోంచి హైవే స్టేషన్ ఏఎస్సై ఒకాయన మెల్లగా అన్నారు: “అయితే సార్, దూరం ఉంటేనే తుపాకీ. దూరం మన చేతుల్లో ఉంటుందా?”

చట్టం మీద ఒక తరగతి కూడా తీసుకున్నాం. అరెస్టును ప్రతిఘటిస్తే అవసరమైన మార్గాలన్నీ వాడవచ్చని సీఆర్‌పీసీ 46వ సెక్షన్ అంటుంది (ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 43). మరణశిక్ష గానీ యావజ్జీవం గానీ పడే నేరం ఆరోపణ లేనివాడి ప్రాణం తీసే హక్కు దాని నుంచి రాదని కూడా అదే సెక్షన్ చెబుతుంది. ప్రాణభయం ఉన్నప్పుడు ఆత్మరక్షణ హక్కు వేరు. అది ఐపీసీ 100, ఇప్పటి బీఎన్‌ఎస్ 38. డీజిల్ దొంగతనానికి శిక్ష మూడేళ్లు, పారిపోతుంటే కాల్చడం కుదరదు. ఐదుగురు కలిసి రాళ్లు రువ్వుతూ చేస్తే అదే బందిపోటు దోపిడీ అవుతుంది, శిక్ష యావజ్జీవం దాకా వెళ్తుంది. చీకట్లో నలుగురున్నారో ఐదుగురున్నారో లెక్కపెట్టి, సెక్షన్ తేల్చుకుని ట్రిగ్గర్ నొక్కే కానిస్టేబుల్ ఎక్కడా పుట్టలేదు. తరగతి చివర వాళ్లకు ఒకే ముక్క మిగిల్చాను: మీ మీదకో ఇంకొకరి మీదకో వస్తుంటే హక్కు ఉంది, వీపు చూపిస్తుంటే లేదు.

ఎక్కడ బెడిసింది

మొదట్లో అంతా ఉత్సాహం. తర్వాత ఒక్కొక్కటీ బయటపడింది, అందులో ఏదీ దొంగలతో వచ్చింది కాదు.

రక్షక్ వాహనం ఒక వీధి మొగలో ఆగితే ఇదివరకు ఇద్దరు దిగి లోపలికి నడిచేవారు. ఇప్పుడు ఒకరు వాహనంలో ఉండిపోవాలి, లేకపోతే ఎస్‌ఎల్‌ఆర్‌ను ఎవరు చూస్తారు? భుజాన వేసుకుని సందుల్లో తిరిగితే ఇరుకు, బరువు, పైగా జనం తలుపులు వేసుకుంటారు. కొన్ని వారాల్లో గస్తీ వాహనం దిగడం మానేసింది. పాయింట్ పుస్తకాల్లో సంతకాలు రోడ్డు మీద నుంచే పడుతున్నాయని సీఐ కనిపెట్టాడు. కాలనీ వాచ్‌మన్లతో, టీ కొట్లవాళ్లతో మాటలు తగ్గిపోయాయి. ఆ సబ్‌డివిజన్‌లో దొంగతనాల కబుర్లు సగం ఆ మాటల్లోంచే వచ్చేవి. తుపాకీ మనకు కాపలా కాస్తుందనుకుంటే, ముగ్గురిలో ఒకరు దానికి కాపలాగా మిగిలారు.

రెండోది, ఒక భార్యాభర్తల గొడవ. డయల్ 100 పిలుపు మీద బ్లూ కోల్ట్స్ వెళ్లారు. తాగి ఉన్న భర్తను పక్కకు లాగుతుంటే అతని చెయ్యి కార్బైన్ స్లింగ్‌కు చిక్కింది. చిక్కిందో, పట్టుకున్నాడో ఇద్దరు కానిస్టేబుళ్లూ వేర్వేరుగా చెప్పారు. పెనుగులాటలో రెండో కానిస్టేబుల్ భర్తను వదిలి కార్బైన్‌ను పట్టుకోవలసి వచ్చింది. మ్యాగజైన్ పౌచ్‌లో ఉంది కనుక పెద్దగా ఏమీ కాలేదు. కానీ గస్తీ పిలుపుల్లో పెద్ద వాటా ఇటువంటివే: తాగుడు, పొలం గట్టు తగాదా, పెళ్లి ఊరేగింపులో డీజే. ఇవన్నీ మనిషిని చేత్తో పట్టుకోవలసిన పనులు. చేత్తో పట్టుకునేంత దగ్గరలో భుజాన వేలాడే తుపాకీ ఎవరిదో ముందుగా చెప్పలేం.

మూడోది కార్బైన్ పేలడం. ఒక బ్లూ కోల్ట్స్ జత టీ హోటల్ మెట్ల దగ్గర బైకు స్టాండు వేస్తుండగా కార్బైన్ జారి మెట్టు అంచుకు తగిలి పేలింది. తూటా రేకుల చూరులోంచి పోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. అంతకు ముందు రాత్రి ఏదో అనుమానం వచ్చి మ్యాగజైన్ ఎక్కించారట, తీయడం మరిచారు. విచారణ, చార్జ్ మెమో అన్నీ నడిచాయి. పత్రికలో వచ్చింది చిన్న ముక్కే గానీ స్టేషన్లలో దాని ప్రభావం పెద్దది.

ఎందుకంటే ఆ తర్వాత నాలుగోది మొదలైంది. నా దృష్టిలో అన్నిటికన్నా చెడ్డది అదే. ఒక ఉదయం అప్పగింతలో ఒక తూటా తక్కువ వచ్చింది. స్టేషనంతా జల్లెడ పట్టారు, చివరికి వాహనం సీటు మడతలో దొరికింది. అప్పటి నుంచి కొందరు తూటాలను స్టేషన్ లాకర్లోనే వదిలి ఖాళీ తుపాకీతో గస్తీకి వెళ్లడం ప్రారంభించారు. తూటా పోతే మెమో, పేలితే మెమో. ఏమీ లేకపోతే ఏ మెమో ఉండదు. ఆకస్మిక తనిఖీలో ఒక వాహనంలో ఖాళీ మ్యాగజైన్ చూసి అడిగితే, “కనబడితే చాలు కదా సార్” అన్నాడు అందులో ఉన్నవాడు. ఖాళీ తుపాకీతో బెదిరించబోయినవాడికి ఎదుటివాడి చేతిలో నాటు తుపాకీ ఉంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. బరువు, బెదురు, బాధ్యత అన్నీ మోస్తూ రక్షణ మాత్రం సున్నా.

ఐదోదాన్ని నివేదికలో క్లుప్తంగా రాశాను, ఇక్కడా అంతే. స్టేషన్ రాతపని చూసే రైటర్ ఒకడు నా దగ్గరకు వచ్చి, ఫలానా కానిస్టేబుల్‌కు కొద్ది రోజులు ఆయుధం ఇవ్వకుండా చూడమన్నాడు. ఇంట్లో కష్టం, నిద్ర లేదు, మాట తేడాగా ఉంది. సర్వీసు తుపాకీతో పోలీసులు తమ ప్రాణం తీసుకున్న వార్తలు మనందరం చదివినవే. ఆ కానిస్టేబుల్‌కు పగటి డ్యూటీ వేసి, సెలవు, వైద్యం ఏర్పాటు చేశారు, బాగున్నాడు. కానీ ‘ఇతనికి ఆయుధం వద్దు’ అని చెప్పడానికి అతని సర్వీసు రికార్డు మీద మచ్చ పడని దారి ఆ రోజుకు మా వ్యవస్థలో లేదు. కొద్దిమంది ఏఆర్ వాళ్లకు ఆయుధం ఇచ్చేటప్పుడు నేను ప్రతివాడి ముఖం చూస్తాను. సబ్‌డివిజన్‌లోని ప్రతి గస్తీకీ ప్రతి రాత్రీ ఇస్తే ఎవరు ఎవరి ముఖం చూస్తారు?

వెనక్కి తీసుకోవాలా?

సమీక్షలో మూడు దారులు బల్ల మీదకు వచ్చాయి.

మొత్తం వెనక్కి తీసుకోవడం సులభం. కానీ రేపు ఇంకో తల పగిలితే దానికి జవాబు ఉండదు. సిబ్బంది కూడా ‘మమ్మల్ని నమ్మలేదు’ అనుకుంటారు.

అందరికీ శిక్షణ పెంచి కొనసాగించడం రెండోది. వినడానికి బాగుంటుంది. సబ్‌డివిజన్ సివిల్ సిబ్బంది మొత్తాన్ని ఏటా ఒకసారి కాదు, పిస్టల్‌ను నమ్మకంగా వాడేంత తరచుగా రేంజ్‌కు తీసుకెళ్లాలంటే తూటాల కేటాయింపు, రేంజ్ ఖాళీ, ఆ రోజు స్టేషన్ ఎవరు నడుపుతారు అన్న మూడూ అడ్డమే. నేను లెక్క వేసి చూపించాను. ఎవరూ కాదనలేదు.

మూడోది విడగొట్టడం. దీనికి బయటి ఉదాహరణలు చూశాం. బ్రిటన్‌లో వీధి పోలీసు తుపాకీ మోయడు. శిక్షణ పొందిన సాయుధ అధికారులు ప్రత్యేక వాహనాల్లో పిలుపుకు వస్తారు. ఐర్లండ్‌లో యూనిఫాం పోలీసులదీ అదే పద్ధతి. న్యూజీలాండ్‌లో తుపాకీలు గస్తీ కారులో తాళం వేసి ఉంటాయి. అక్కడ 2019లో మూడు జిల్లాల్లో సాయుధ బృందాలను తిప్పి చూసి, 2020లో వద్దనుకున్నారు. సమావేశంలో ఒక అధికారి “అక్కడి జనం వేరు, ఇక్కడి జనం వేరు” అన్నారు. నిజమే, కానీ అక్కడి నుంచి తీసుకోవలసింది జనాన్ని కాదు, తాళం పద్ధతిని. మన దేశంలో లాఠీతో బీటు, వెనక సాయుధ రిజర్వ్ అన్న విభజన ఎప్పటి నుంచో ఉంది. ఆ రెండింటి మధ్య దూరం ఎక్కువైపోయింది, అంతే. హైవే మీద రాళ్లు పడుతుంటే ఏఆర్ జిల్లా కేంద్రంలో ఉంటుంది.

నిర్ణయానికి ముందు నేను పట్టుబట్టింది ఒక్కటే. హోదాను బట్టి, స్టేషన్‌ను బట్టి ఆయుధం ఇవ్వవద్దు, పనిని బట్టి ఇవ్వండి. బీటు, బజారు, కుటుంబ గొడవ, రాత్రి పాయింట్లకు ఆయుధం లేదు. ముందే అనుకున్న వాహన తనిఖీ, ప్రమాదకరమైన ముద్దాయి తరలింపు, ఆయుధాలున్నాయని సమాచారం ఉన్న చోటుకు సాయుధ కవర్ (తుపాకీతో వెనక రక్షణగా నిలిచేవాళ్లు) లేకుండా కదలవద్దు. సూర్యాపేట ఈ రెండో వర్గంలోకి వస్తుంది, మా డీజిల్ వ్యాను కూడా, సమాచారం అంది ఉంటే.

నిలిచిన పద్ధతి

సర్కిల్‌కు, అంటే ఒక్కో సీఐ పరిధికి ఒక సాయుధ వాహనం పెట్టాం. అందులో ఏఆర్ వాళ్లు, వాళ్లలో ఒకరు తప్పనిసరిగా హెడ్ కానిస్టేబుల్. పిస్టళ్లు హోల్‌స్టర్‌లో, లాన్యార్డ్ తాడుతో నడుముకు కట్టి. పొడవు ఆయుధం వాహనంలో అమర్చిన ఇనుప ర్యాక్‌లో తాళం వేసి ఉంటుంది. తాళంచెవి ఇన్‌చార్జి దగ్గర. ర్యాక్ తెరిస్తే కంట్రోల్ రూముకు చెప్పాలి, ఎందుకు తెరిచారో డైరీలో ఎక్కాలి. కార్బైన్లు అన్నీ వెనక్కి వచ్చేశాయి.

అన్నిటికన్నా ఎక్కువ పట్టు పెట్టిన నియమం ఇది: తుపాకీ ఉన్నవాడు మనిషిని ముట్టుకోడు, మనిషిని ముట్టుకునేవాడి దగ్గర తుపాకీ ఉండదు. తనిఖీలో ఒకరు బండి దగ్గరకు వెళ్లి మాట్లాడతారు, జేబులు చూస్తారు. కవర్‌గా ఉన్నవాడు పక్కకు, వెనక ఖాళీ ఉన్న కోణంలో నిలబడి చేతులు మాత్రమే చూస్తాడు. అమెరికాలో ఈ విభజనను చాలా కాలంగా నేర్పుతున్నారు. మా వాళ్లకు మొదట కష్టమైంది. గొడవ మొదలైతే కవర్‌లో ఉన్నవాడు కూడా చెయ్యి వేయడానికి ముందుకు దూకుతాడు, అది మన అలవాటు. మైదానంలో దూకినవాణ్ణి దూకినట్టే ఆపి వెనక్కి పంపాం, మళ్లీ మళ్లీ.

తుపాకీతో సంబంధం లేని పనులు ఇంకా ఎక్కువ ఫలితం ఇచ్చాయి. సెట్టు పలకని చోట్ల జాబితా రాసి, అక్కడ గస్తీ నిర్ణీత సమయానికి ఫోనులో హాజరు చెప్పాలని పెట్టాం. హెల్మెట్లు, ఫైబర్ షీల్డులు ప్రతి వాహనంలోకి వచ్చాయి. అనుమానాస్పద బండి దగ్గర వాహనాన్ని ఎదురుగా కాక ఏటవాలుగా, మన లైట్లు వాళ్ల కళ్లలో పడేలా ఆపాలని నేర్పాం. నడుస్తున్న బండిని ఒంటరిగా ఆపవద్దు, నంబరు టోల్‌ప్లాజాకు చెప్పండి.

ఆ చివరి వాక్యమే ముఠాను పట్టించింది. దాబాల దగ్గర మళ్లీ డీజిల్ పోయినప్పుడు ఒక డ్రైవరు ఫోను చేశాడు, గస్తీ వెంటపడలేదు, నంబరు మాత్రం పంపింది. టోల్‌ప్లాజాలో చివరి లేన్‌ను ఎంచుకున్నాం. దాని అవతల పొలాలు, యివతల కాంక్రీటు దిమ్మ. కవర్‌లో ఉన్నవాడి గురి వరసలో జనం ఉండరు. పక్క బూతుల సిబ్బందిని ముందే ఖాళీ చేయించాం. మిగతా లేన్లలో ఎర్రలైటు వేసి వ్యానును అక్కడికి వచ్చేలా చేశాం. వ్యాను ఆగింది, వెనక లారీ ఆగింది, కదలడానికి దారి లేదు. ఒకడు రాడ్ ఎత్తాడు. దిమ్మ వెనక నుంచి ఏఆర్ హెడ్ కానిస్టేబుల్ పిస్టల్ చూపించి, పేరు పెట్టి పిలిచినంత మామూలుగా “కింద పెట్టు” అన్నాడు. పెట్టాడు. తూటా పేలలేదు. తలకు గాయమైన హెడ్ కానిస్టేబుల్ ఆ రాత్రి లేన్ మూసే పనిలో ఉన్నారు, తనే అడిగి వచ్చారు.

తేలనిది

అన్నీ ఇలా ముగియలేదు. కొన్ని నెలల తర్వాత సబ్‌డివిజన్ చివరి ఊళ్లో పొలం గొడవలో కొడవళ్లు లేచాయి. బీటులో ఉన్న ఇద్దరు ముందు చేరారు. సాయుధ వాహనం సర్కిల్ రెండో కొసన ఉంది, రావడానికి చాలాసేపు పట్టింది. ఈ ఇద్దరూ ప్రాణభయంలో ఉన్న కుటుంబాన్ని ఒక ఇంట్లో పెట్టి తలుపు వేసి, షీల్డు అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడి మాటలతో కాలయాపన చేశారు. ఎవరూ చావలేదు. తర్వాత ఇద్దరినీ విడివిడిగా అడిగాను. హెడ్ కానిస్టేబుల్ “పిస్టల్ ఉంటే అంతసేపు చెమటలు పట్టేవి కావు సార్” అన్నారు. కానిస్టేబుల్ “ఉంటే వాడు మాటలు వినేవాడు కాదు, నా చేతి మీదకే వచ్చేవాడు” అన్నాడు. రెండు మాటలనూ అలాగే నివేదికలో రాశాను. ఏది సరైనదో చెప్పగలిగేంత ఆధారం ఆ గుమ్మంలో లేదు. నా అంచనాలో అక్కడ లోటు పిస్టల్‌ది కాదు, రెండో వాహనానిది. దాని కోసం రాసిన కాగితం అప్పటికి పెండింగ్‌లో ఉంది.

ఇదే పద్ధతిని ఇంకో జిల్లాకు అలాగే ఎత్తుకెళ్లవద్దని అడిగినవాళ్లకు చెబుతుంటాను. నాటు తుపాకీలు విరివిగా ఉన్న చోట, సరిహద్దు అడవుల్లో లెక్క వేరు. కానీ ఎక్కడైనా ఆదేశం రాసే ముందు కావలసినవి ఉన్నాయి: గత సంవత్సరం గస్తీ పిలుపుల పుస్తకం తెరిచి వాటిలో ఎన్ని చేత్తో పట్టుకునే పనులో చూడటం, ఉదయం తుపాకీ ఎక్కడికి చేరుతుందో రాతలో ఉండటం, దొరకని తూటాకూ దాచిన తూటాకూ తేడా తెలిసేలా విచారణ నడపటం, ఆయుధం వద్దని చెప్పుకునేవాడికి మచ్చ లేని దారి ఇవ్వటం. చివరిదానికి మా జిల్లాలో ఒక మూసిన కవరు పద్ధతి వచ్చింది. స్టేషన్ అధికారి, వైద్యుడు, నేను తప్ప ఇంకొకరు చూడరు.

హోంగార్డుల సంగతి మాత్రం మిగిలింది. వాళ్లకు మేం ఆయుధం ఇచ్చేవాళ్లం కాదు. కవర్ జాబితాలో వాళ్లు లేరు, కానీ స్టీరింగ్ వాళ్ల చేతిలోనే, ముందు అద్దం వెనక అందరికన్నా బయటికి కనబడేది వాళ్లే. ఆ రాత్రి విరిగింది హోంగార్డు చెయ్యి. సూర్యాపేటలో పోయిన రెండు ప్రాణాల్లో ఒకటి హోంగార్డుదే. రక్షణ జాకెట్లు, హెల్మెట్ల మొదటి ఇండెంట్ (కావాలని పంపే కోరిక పత్రం) రెగ్యులర్ సిబ్బంది సంఖ్య ప్రకారం వెళ్లింది, వచ్చినవీ అంతే. రెండో ఇండెంట్‌లో మనుషుల లెక్క తీసేసి వాహనంలో సీట్ల లెక్క రాశాం. దాని మీద జిల్లా కార్యాలయం నుంచి వివరణ అడిగారు. ఇచ్చాం. హెల్మెట్లు వచ్చాయి, జాకెట్లు సగం వచ్చాయి, వాటిని డ్రైవరు సీట్లకు ముందుగా కేటాయించాం.